ఇక్కడ దీపాలు, వీరావల్‌లో ఎండ

డిసెంబరులో సాయంత్రం ఐదున్నరకల్లా శ్రీకాకుళం జిల్లా ఎచ్చెర్ల తీరపు ఊళ్ళలో దీపాలు పెట్టేస్తారు. ఆ వేళకి గుజరాత్‌లోని వీరావల్‌కి చేపల వేట పనికెళ్ళిన కొడుకు వీడియో కాల్ చేస్తే వాడి మొహం మీద ఇంకా ఎండ.

"అక్కడ పొద్దుగూకనేదేటిరా?"

"నేదమ్మా, ఇప్పుడే టీ తాగతన్నాం."

ఇద్దరి ఫోన్లలోనూ టైము ఒకటే. సూర్యుడి లెక్కే వేరు. శ్రీకాకుళం దాదాపు 83.9 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంటే, వీరావల్ రేవు 70.4 దగ్గరుంది. డిగ్రీకి 4 నిమిషాల చొప్పున 54 నిమిషాల తేడా.

దేశమంతటికీ ఒకే టైము 1906 జనవరి 1న వచ్చింది. దానికి ఆధారమైన 82.5 డిగ్రీల రేఖ కాకినాడ పక్కనుంచి పోతుంది. అందుకే మన గోడ గడియారానికీ నడినెత్తి సూర్యుడికీ ఏడాది సగటున ఐదారు నిమిషాలకు మించి పేచీ లేదు. అంతకుముందు రైళ్ళు నడిచిన మద్రాసు టైము దీనికి 9 నిమిషాలు వెనక. ఆ మార్పు మనకి పెద్దగా తెలిసుండదు. బొంబాయి వాళ్ళకి మాత్రం గడియారం ఒక్కసారిగా 39 నిమిషాలు ముందుకి జరిగింది. వాళ్ళు మొండికేసి పాత టైమును 1955 దాకా అట్టేపెట్టుకున్నారు. నాకైతే ఆ మొండితనం సబబుగానే తోస్తుంది. వీరావల్ బొంబాయికన్నా ఇంకా పడమర.

మనవాళ్ళు మొదట వెళ్ళింది పడమరకి కాదు. కళింగపట్నం, బారువ, భీమిలి రేవుల్లో ఓడెక్కి 'రంగం' పోయేవారు. రంగం అంటే రంగూన్. అక్కడి బియ్యం మిల్లుల్లో, రేవులో కూలి. బర్మా గడియారం మనకంటే గంట ముందు, పొద్దు కూడా ముందే పొడుస్తుంది. 1941 డిసెంబరులో జపాన్ బాంబులు పడ్డాక ఆ దారి మూసుకుపోయింది. తర్వాతి తరాల గంగపుత్రులు రైలెక్కి ఎదురు దిక్కుకి పోయారు.

ఎందుకంటే, జిల్లాకి పొడవాటి తీరమైతే ఉందిగానీ పెద్ద బోట్లు ఆగే రేవు లేకపోయింది. ఇక్కడి వేట తెల్లారగట్ల మొదలు. వేగుచుక్క చూసి లేవడం, కెరటాల మీంచి బోటు తోయడం, మధ్యాహ్నానికి ఒడ్డుకి రావడం, చేప తట్టకెక్కి ఆడవాళ్ళ నెత్తిన ఊళ్ళోకి పోవడం. దొరికితే డబ్బు, లేకపోతే లేదు. వీరావల్‌లో ఖార్వా (అక్కడి మత్స్యకార కులం) యజమానుల మరబోట్లు, ఐసు, చేపల ఫ్యాక్టరీలు. ఒకసారి సముద్రంలోకి పోతే పదిహేను ఇరవై రోజులు. తండేలు, అంటే బోటు నడిపించే పెద్ద, చెప్పిందే వేళ. రాత్రీ పగలూ వల వేస్తూ లాగుతూ ఉంటే గడియారంతో పనేముంది? జీతం మాత్రం నెలకి లెక్క, అదీ చాలామందికి ముందే అడ్వాన్సుగా ఇంట్లో ఖర్చయిపోయి ఉంటుంది.

ఆ నీళ్ళలోనే ఇంకో గడియారమూ ఉంది, పాకిస్తాన్‌ది, మనకి అరగంట వెనక. 2018 నవంబరు చివర్లో సరిహద్దు దాటారని పట్టుబడ్డ ఉత్తరాంధ్ర వాళ్ళు ఏడాదికి పైగా కరాచీ జైల్లో ఆ టైములోనే బతికారు. 2020 జనవరి 6న 20 మందిని వాఘా దగ్గర అప్పగించారు. నాలుగు నెలలు తిరక్కుండానే లాక్‌డౌన్‌లో వేలమంది వీరావల్ బోట్లలోనే చిక్కుకుని, చివరికి బస్సుల్లో ఇల్లు చేరారు.

మామూలు ఏడాదైతే అక్కడ జూన్ 1న వేట ఆగుతుంది. ఇక్కడి నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా. అంటే వాళ్ళు ఇంటికొచ్చే రోజులకి రెండు సముద్రాలూ మూసే ఉంటాయి. అలవాటు కొద్దీ ఆరింటిదాకా పడుకుందామంటే కుదరదు. ఐదున్నరకే ఎండ మంచం మీదకొస్తుంది. "లెగరా, ఇది వీరావలు కాదు" అని తల్లి దుప్పటి లాగుతుంది.