విశాఖ గోడౌన్ల కప్పు మీద 2014 ముద్ర

అనకాపల్లి నుంచి ఆనందపురం దాకా రోడ్డు ఆరు లైన్లయ్యాక సబ్బవరం, పెందుర్తి వైపు భూములను గోడౌన్లకు అడిగేవాళ్లు పెరిగారు. అద్దెకొచ్చిన కంపెనీ తాళం తీసుకున్న మర్నాడే సరుకు దించుకునేలా ఉండాలన్నది ఇప్పటి డిమాండ్. అలా సిద్ధంగా ఉండటానికి విశాఖలో ఏమేం కావాలో ఈ నగరం నష్టపోయి మరీ నేర్చుకుంది.

విశాఖ రేవు 1933లో మొదలైంది ప్రధానంగా మధ్య పరగణాల మాంగనీసు ఖనిజం ఎగుమతి కోసం. ఖనిజానికి కప్పు అక్కర్లేదు, ఆరుబయట కుప్ప పోస్తే చాలు. కప్పు కావాల్సింది బియ్యానికి, ఎరువులకు, అనకాపల్లి బెల్లానికి. 1957లో కేంద్ర గిడ్డంగుల సంస్థ, 1965లో భారత ఆహార సంస్థ వచ్చాక బస్తాల గోడౌన్‌కు ఒక నమూనా స్థిరపడింది. లారీలోంచి దించుకోవడానికి వీలుగా అరుగు, గట్టి గోడలు, పైన రేకులు, తేమ తగలకుండా బస్తాల కింద చెక్కలు. ముఠా కార్మికులు మోసి పేర్చగలిగినంతే ఎత్తు. ఆ పనికి అది చక్కటి కట్టడం, ఇవాళ్టికీ తీసిపారేయదగ్గది కాదు.

ఆ తర్వాత గోడౌన్ ఎక్కడ ఉండాలో, ఎంత ఉండాలో సరుకు కంటే పన్నే ఎక్కువగా నిర్ణయించింది. రాష్ట్రం దాటించి అమ్మితే కేంద్ర అమ్మకపు పన్ను పడేది, కొన్నవాళ్లకు అది తిరిగి వచ్చేది కాదు. అమ్మకం కాదు, సొంత డిపోకే పంపుతున్నామని చూపే ఎఫ్ ఫారం మీద సరుకు పంపుకుంటే ఆ పన్ను తప్పేది. అందుకే సబ్బుల కంపెనీ అయినా టైర్ల కంపెనీ అయినా రాష్ట్రానికో డిపో పెట్టుకునేది. ఉమ్మడి రాష్ట్రంలో చాలా కంపెనీలకు అది హైదరాబాద్ శివార్లలో ఉండేది. 2014 జూన్ 2న రాష్ట్రం విడిపోగానే హైదరాబాద్ నుంచి విశాఖ డీలరుకు వచ్చే లోడు పక్క రాష్ట్రం సరుకైపోయింది. దాంతో కంపెనీలు విజయవాడలో, విశాఖలో షెడ్ల కోసం వెతుక్కోవాల్సి వచ్చింది. హడావిడిలో దొరికిందే తీసుకున్నారు. ఎత్తు చాలకపోయినా, ట్రైలర్ తిరిగే చోటు లేకపోయినా సర్దుకున్నారు.

మూడేళ్లకే, 2017 జులై 1న, రాష్ట్రం దాటించి అమ్మినా ఆ పన్ను భారం మిగలకుండా చేసి జీఎస్టీ ఆ లెక్కను తుడిచేసింది. చిన్న డిపోలు నాలుగు నడిపేకంటే పెద్దది ఒకటి పెట్టుకోవడమే లాభం అయింది. అదే ఏడాది నవంబరులో కేంద్రం లాజిస్టిక్స్‌కు, అంటే సరుకు రవాణా, నిల్వ రంగానికి, మౌలిక వసతుల హోదా ఇచ్చింది. గోడౌన్‌కు అది దక్కాలంటే కనీసం లక్ష చదరపు అడుగుల విస్తీర్ణం, 25 కోట్ల పెట్టుబడి ఉండాలి. పెద్ద షెడ్లకు దీర్ఘకాలిక అప్పు దొరకడం తేలికైంది.

రాష్ట్ర విభజనకూ జీఎస్టీకీ మధ్యలో విశాఖ మాత్రం మర్చిపోలేని ఇంకో తేదీ ఉంది, 2014 అక్టోబరు 12. హుద్‌హుద్ తుపాను తీరం దాటిన రోజు విమానాశ్రయం కప్పే చెదిరిపోయింది. ఇక మామూలు రేకుల షెడ్ల గతి చెప్పాలా? అలాంటి గాలిలో షెడ్డు ఎలా పోతుందో ఒకసారి చూడాలి. గాలి కప్పును కిందికి నొక్కడం కంటే పైకి లాగడమే ఎక్కువ. మూలల్లో, అంచుల్లో ఆ లాగుడు మరీ తీవ్రం. ఈలోగా గాలికి ఎదురుగా ఉన్న రోలింగ్ షట్టర్ పట్టాలోంచి ఊడిందంటే గాలి లోపలికి చొరబడి కప్పును కింద నుంచి తోస్తుంది. మూల రేకు దాన్ని బిగించిన స్క్రూ చుట్టూ చిరుగుతుంది, అది లేచిపోతే పక్క రేకుకు ఆసరా ఉండదు. ఆ వెనకే వాన. కప్పును గాలి తీసుకుపోతే సరుకును వాన పాడుచేస్తుంది.

గాలి లెక్కలకు మనకున్న ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగం. అందులో డిజైన్‌కు ప్రాతిపదికగా తీసుకునే గాలి వేగం బెంగళూరుకు సెకనుకు 33 మీటర్లు, హైదరాబాద్‌కు 44, విశాఖకు 50. ఒత్తిడి వేగానికి వర్గంగా పెరుగుతుంది కాబట్టి బెంగళూరు షెడ్డుతో పోలిస్తే ఇక్కడి షెడ్డు రెండింతలకు పైగా ఒత్తిడి తట్టుకోవాలి. 2015లో సవరించినప్పుడు తూర్పు తీరంలో పారిశ్రామిక కట్టడాలకు ఆ వేగాన్ని 1.15 రెట్లు తీసుకోవాలని కూడా చేర్చారు. దాంతో ఒత్తిడి ఇంకో 32 శాతం పెరుగుతుంది. ఇనుము ఎక్కువ పడుతుంది, చదరపు అడుగు ఖర్చు పెరుగుతుంది. వేరే ఊరి డ్రాయింగు తెచ్చి ఇక్కడ దించేయాలన్న ఆశ అక్కడే పుడుతుంది. దానికి లొంగడం చాలా ప్రమాదం.

ఇక లోపలి సంగతి. ర్యాకులతో పనిచేసే కంపెనీలు ఇప్పుడు 12 మీటర్లకు అటూ ఇటూగా ఎత్తు, చదరపు మీటరుకు 5 టన్నులు మోసే నేల, లారీ ఆనించి సరుకు దించే సుమారు 1.2 మీటర్ల ఎత్తు డాక్, లారీకీ డాక్‌కూ ఎత్తు తేడా సరిచేసే లెవెలర్లు, నిప్పంటుకుంటే నీళ్లు చిమ్మే స్ప్రింక్లర్లు అడుగుతున్నాయి. వీటిలో నేలే కష్టమైన పని. పల్లపు భూమిని మట్టితో నింపి, సరిగా రోలింగ్ చేయకుండా కాంక్రీటు వేస్తే కొన్నాళ్లకు కుంగుతుంది. కింద కొన్ని మిల్లీమీటర్ల తేడా వస్తే సరుకు ఎత్తే ఫోర్క్‌లిఫ్ట్ బండి పైకెత్తిన కొసన అది అనేక రెట్లవుతుంది. ఉప్పుగాలి వల్ల రేకు పూతతో పాటు స్క్రూల నాణ్యత కూడా చూసుకోవాలి.

సిద్ధంగా ఉండటంలో కాగితాలూ భాగమే. ఫైర్ ఎన్‌వోసీ (అగ్నిమాపక శాఖ అనుమతి), ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (కట్టడాన్ని వాడుకోవచ్చన్న పత్రం) లేని షెడ్డును పెద్ద కంపెనీలు ముట్టుకోవు. అద్దెదారు జీఎస్టీ రిజిస్ట్రేషన్‌లో ఆ చోటును చేర్చుకోవాలన్నా అద్దె ఒప్పందంతో పాటు యజమాని కరెంటు బిల్లో, ఆస్తి పన్ను రసీదో చూపించాలి. విశాఖలో ఈ కాగితాలకు కట్టడం బలం లెక్కలు చూపే స్ట్రక్చరల్ డిజైన్ రిపోర్టు కూడా తోడవ్వాలి. అద్దె బేరం మొదలుపెట్టే ముందు అందులో గాలి వేగం 50, దాని పక్కన 1.15 ఉన్నాయో లేదో కంపెనీ ఇంజినీరు చూసుకోవాలి. షట్టర్లను ఎంత గాలికి డిజైన్ చేశారో కూడా అడగాలి.