సిలబస్ మారింది, రికార్డు మారలేదు: బీటెక్ మొదటి ఏడాది నేపథ్యం

8 ఫ్యాక్టోరియల్ అంటే 1 నుంచి 8 దాకా అంకెలన్నీ గుణిస్తే వచ్చే 40320. సి భాష ప్రోగ్రాంలు నడిపే పాత టర్బో సి మీద, పూర్ణాంకాలు దాచే ఇంట్ వేరియబుల్ పెట్టి దీన్ని లెక్కగట్టే ప్రోగ్రాం నడిపితే తెర మీద −25216 వచ్చేది. అందులో ఇంట్‌కు 2 బైట్లే చోటు. 32767 దాటిన అంకె అందులో పట్టదు. 40320లోంచి 65536 తీసేస్తే వచ్చేది కనిపిస్తుంది. ఇప్పుడు ల్యాబుల్లో నడిచే జీసీసీ అనే కంపైలర్‌లో ఇంట్‌కు 4 బైట్లు. కాబట్టి 12 ఫ్యాక్టోరియల్ దాకా ఢోకా లేదు. 13 దగ్గర 6227020800 రావాల్సింది 1932053504 వస్తుంది. ఈసారి మైనస్ గుర్తు కూడా ఉండదు కనుక తప్పొచ్చిందన్న అనుమానమే రాదు.

విశాఖలో సీనియర్ల నుంచి జూనియర్లకు చేతులు మారే సి రికార్డుల్లో, అంటే ల్యాబ్ నోటుపుస్తకాల్లో, ‘ఇంట్‌కు 2 బైట్లు’ అన్న వాక్యం ఇంకా బతికే ఉంది. వైవాలో అదే అప్పజెబుతారు, ల్యాబ్‌లో ఎన్ని బైట్లో చెప్పే సైజాఫ్ వేసి చూస్తే 4 వస్తుంది. మొదటి ఏడాదిలో పిల్లలు తడబడే చోట్లు చాలావరకు ఇలాంటివే. సబ్జెక్టు కష్టం కావడం కన్నా, ఒక కాలం నాటి అలవాటుతో వచ్చి ఇంకో కాలం నాటి పేపరు రాయాల్సి రావడమే ఎక్కువ ఇబ్బంది పెడుతోంది. లెక్కలు, ప్రోగ్రామింగ్, కెమిస్ట్రీ ఈ మూడూ మొదటి ఏడాదిలోకి వేర్వేరు కాలాల్లో, వేర్వేరు అవసరాల కోసం వచ్చాయి.

ముందు ఊరి సంగతి. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో బెజవాడలో మొదలై తర్వాత వాల్తేరు చేరింది. 1930ల్లోనే ఇక్కడ కెమికల్ టెక్నాలజీ చెప్పేవారు. 1946లో అప్పటి మద్రాసు ప్రభుత్వం ఇంజనీరింగ్ కాలేజీ ఒకటి తెరిచింది. దాని పేరే ‘కాలేజ్ ఆఫ్ ఇంజనీరింగ్, వైజాగపటం’. అది తర్వాత కాకినాడకు తరలిపోయింది. 1972లో జవహర్‌లాల్ నెహ్రూ టెక్నలాజికల్ యూనివర్సిటీ (జేఎన్‌టీయూ) ఏర్పడినప్పుడు అందులో చేరింది. 2008లో జేఎన్‌టీయూ కాకినాడకు అదే గుండెకాయ అయింది. 2022లో ఉత్తరాంధ్ర కాలేజీల కోసం విజయనగరంలో జేఎన్‌టీయూ గురజాడ వచ్చింది. అంటే వైజాగ్‌లో పుట్టిన చదువు కాకినాడ, హైదరాబాద్ తిరిగి మళ్లీ పొరుగు జిల్లాకే చేరింది. ఏయూ ఇంజనీరింగ్ కాలేజీ 1955 నుంచి ఉంది. 1980లో రుషికొండలో గీతం మొదలై 2007లో డీమ్డ్ యూనివర్సిటీ అయింది. అందుకే మద్దిలపాలెం నుంచి మధురవాడ వైపు ఒకే బస్సులో వెళ్లే ముగ్గురు ఫస్టియర్ పిల్లల దగ్గర మూడు సిలబస్‌లు ఉండొచ్చు. వాటి చట్రం మాత్రం ఇంచుమించు ఒకటే. 2018 జనవరిలో దేశంలో సాంకేతిక విద్యను చూసే ఏఐసీటీఈ నమూనా సిలబస్ ఇచ్చి నాలుగేళ్ల డిగ్రీని 160 క్రెడిట్లకు కుదించాక అందరూ దాని చుట్టూనే సర్దుకున్నారు.

జేఎన్‌టీయూ వైపు రెగ్యులేషన్ల, అంటే సిలబస్, పరీక్ష నియమాలు కలిసిన చట్రాల లెక్క చూడండి, పక్కనున్న అంకె అది వచ్చిన ఏడాది: ఆర్07, ఆర్10, ఆర్13, ఆర్16, ఆర్19, ఆర్20, ఆర్23. పదహారేళ్లలో ఏడు. ఆర్07లో మొదటి ఏడాదికి సెమిస్టర్లు లేవు, ఏడాదంతా చదివి ఒక్కసారే పరీక్ష రాసేవారు. ఆర్20లో యూనివర్సిటీ పేపర్ అంటే యూనిట్‌కొకటి చొప్పున 14 మార్కుల ప్రశ్నలు 5. ఆర్23లో 2 మార్కుల చిన్న ప్రశ్నలు 10, ఆపైన 10 మార్కుల ప్రశ్నలు 5. సెమిస్టర్ మధ్యలో కాలేజీ పెట్టే రెండు మిడ్‌ పరీక్షల్లో ఎక్కువ వచ్చినదానికి 80 శాతం, తక్కువదానికి 20 శాతం వెయిటేజీ. ఎక్స్‌టర్నల్‌లో, అంటే యూనివర్సిటీ పేపర్‌లో, 70కి 25 రావాలి, ఇంటర్నల్స్‌తో కలిపి 100కి 40 రావాలి. ఇంటర్నల్స్‌లో 28 ఉన్నా ఎక్స్‌టర్నల్‌లో 24 వస్తే మొత్తం 52 అయి కూడా సబ్జెక్టు పోయినట్టే. ఈ రెండో గీత ఉన్న సంగతి చాలామందికి రిజల్ట్స్ వచ్చేదాకా తెలియదు.

ఇంకో చిక్కు. మొదటి ఏడాది నుంచి రెండో ఏడాదికి వెళ్లడానికి హాజరు ఉంటే చాలు, బ్యాక్‌లాగ్‌లు అడ్డు రావు. రెండు నుంచి మూడుకు వెళ్లేటప్పుడు 40 శాతం క్రెడిట్లు అడుగుతారు. అందుకని ఫస్టియర్‌లో పోయిన ఎం1 (మొదటి లెక్కల పేపర్) దెబ్బ ఫస్టియర్‌లో తెలియదు, ఏడాది ఆగి తగులుతుంది.

‘ఎం1’ అన్న పేరు కూడా మోసం చేస్తుంది. ఆర్20లో ఎం1 అంటే కాలిక్యులస్, డిఫరెన్షియల్ ఈక్వేషన్లు. మ్యాట్రిక్స్‌లు, న్యూమరికల్ మెథడ్స్ ఎం2లో ఉండేవి. ఆర్23లో మొదటి సెమిస్టర్ పేపర్ లీనియర్ ఆల్జీబ్రా, కాలిక్యులస్. డిఫరెన్షియల్ ఈక్వేషన్లు, వెక్టర్ కాలిక్యులస్ రెండో సెమిస్టర్‌కి వెళ్లాయి. పిల్లలు మాత్రం ఇప్పటికీ ఎం1, ఎం2 అనే అంటారు. సీనియర్ ఇచ్చిన ‘ఎం1 నోట్స్’ పట్టుకుని మిడ్‌కు కూర్చుంటే సగం పేపర్ అందులో ఉండదు.

అసలు ఇబ్బంది ఇంకా ముందే మొదలవుతుంది. 1986లో వచ్చిన ఎంసెట్ ఇప్పుడు ఈఏపీసెట్ అయింది. ఇంజనీరింగ్ వైపు 180 నిమిషాల్లో 160 ప్రశ్నలు, అందులో 80 లెక్కలవి. ప్రశ్నకు 67 సెకన్లు. నెగెటివ్ మార్కులు లేవు. ఆప్షన్లు వెనక్కి ప్రతిక్షేపించి సరైనదాన్ని పట్టుకోవడం అక్కడ తెలివైన పని, రెండేళ్లు ఆ చురుకుదనానికే సాన పెడతారు. బీటెక్‌లో 10 మార్కుల ప్రశ్నకు జవాబు కన్నా మెట్లకే మార్కులెక్కువ. అలవాటు పడిన చెయ్యి మెట్లు దాటేస్తుంది.

ఒక్క ఉదాహరణ దగ్గరగా చూద్దాం. మొదటి యూనిట్‌లో ర్యాంక్ (ఒకదాని మీద ఒకటి ఆధారపడని వరుసల సంఖ్య) కోసం మ్యాట్రిక్స్‌ను రో ఆపరేషన్లతో, కింద సున్నాలు మెట్లుగా పేరే ఎషలాన్ రూపానికి తెస్తారు. రెండో యూనిట్‌లో ఐగెన్ విలువలు, అంటే మ్యాట్రిక్స్ కొన్ని వెక్టర్లను వాటి గీత మీదే ఉంచి ఎన్ని రెట్లు చేస్తుందో ఆ అంకెలు. ట్రయాంగ్యులర్ మ్యాట్రిక్స్‌కు డయాగనల్ మీద ఉన్నవే ఐగెన్ విలువలు అని చదువుతారు. ఈ రెండూ కలిసి ఒక తప్పుడు దగ్గరిదారి పుడుతుంది: ఎషలాన్‌కు తెచ్చేసి డయాగనల్ చదివేయడం. మొదటి వరుస 2, 1, రెండో వరుస 1, 2 ఉన్న మ్యాట్రిక్స్ తీసుకోండి. రెండో వరుసలోంచి మొదటి వరుసలో సగం తీసేస్తే రెండో వరుస 0, 1.5 అవుతుంది. డయాగనల్ మీద 2, 1.5. అసలు ఐగెన్ విలువలు 1, 3. రో ఆపరేషన్ ర్యాంక్‌ను కాపాడుతుంది, ఐగెన్ విలువలను కాపాడదు. డిటర్మినెంట్‌తో సరిచూసినా ఈ తప్పు దొరకదు, ఎందుకంటే 2 ఇంటూ 1.5 కూడా 3, 1 ఇంటూ 3 కూడా 3. ట్రేస్‌తో, అంటే డయాగనల్ అంకెల మొత్తంతో చూస్తే దొరుకుతుంది, ఐగెన్ విలువల మొత్తం దానికి సమానం కావాలి. మొదటి మ్యాట్రిక్స్ డయాగనల్ మొత్తం 4, తప్పుడు విలువల మొత్తం 3.5. పేపర్ మూసే ముందు ట్రేస్ కలిపి చూడటానికి పది సెకన్లు చాలు.

డబుల్ ఇంటిగ్రల్‌లో ఆర్డర్ మార్చే లెక్క కూడా ఇదే దారి. x 0 నుంచి 1 దాకా, y x నుంచి 1 దాకా ఉన్నప్పుడు హద్దుల స్థానాలు ఊరికే అటూ ఇటూ మార్చేస్తే బయటి హద్దుల్లో x మిగిలిపోయి, జవాబు అంకెగా రాదు. బొమ్మ గీస్తే అదొక త్రికోణమని, కొత్త హద్దులు y 0 నుంచి 1, x 0 నుంచి y అని కళ్లకు కడుతుంది. బొమ్మ తప్పనిసరిగా గీయాలి.

ప్రోగ్రామింగ్ మొదటి ఏడాదిలోకి వచ్చింది లెక్కల చెయ్యి పట్టుకునే. 1957లో వచ్చిన ఫోర్‌ట్రాన్ పనే లెక్కలు చేయడం. చాలాకాలం ఇంజనీరింగ్ పిల్లలకు ప్రోగ్రామింగ్ అంటే న్యూటన్-రాఫ్సన్, రూంగే-కుట్టా లాంటి న్యూమరికల్ మెథడ్స్‌ను (జవాబుకు అంచెలంచెలుగా దగ్గరయ్యే పద్ధతులను) మెషీన్‌తో చేయించడమే. 1972 ప్రాంతంలో బెల్ ల్యాబ్స్‌లో డెనిస్ రిచీ తయారుచేసిన సి తర్వాత ఆ స్థానంలోకి వచ్చింది. 1987లో బోర్లాండ్ టర్బో సి విడుదల చేసింది. ఎడిటర్, కంపైలర్ ఒకే నీలం తెర మీద, డాస్ నడిచే మామూలు మెషీన్‌లో. మన కాలేజీల్లో అది పాతుకుపోయిందంటే ఆశ్చర్యం లేదు. ఆశ్చర్యమల్లా డాస్ పోయాక కూడా దాన్ని అనుకరించే డాస్‌బాక్స్ పెట్టుకుని మరీ దాన్ని నడపడమే. ఆర్23లో న్యూమరికల్ మెథడ్స్ మొదటి ఏడాది నుంచి తప్పుకున్నాయి. నా దృష్టిలో అది నష్టం. ప్రోగ్రాం ఎందుకు రాస్తున్నామో చెప్పే లెక్క పోయి, తెర మీద నక్షత్రం గుర్తులు పేర్చే స్టార్ పిరమిడ్‌లు మిగిలాయి.

టర్బో సి అలవాట్లు జీసీసీలో ఎక్కడెక్కడ విరుగుతాయంటే, ముందుగా తెర, కీబోర్డు పనులకు ప్రోగ్రాం పైన చేర్చే కోనియో హెడర్ ఫైలు దగ్గర. అది లైనక్స్‌లో లేదు, ‘నో సచ్ ఫైల్’ అని కంపైల్ అక్కడే ఆగుతుంది. హెడర్‌తో పాటు క్లియర్‌స్క్రీన్, గెట్‌చ్ కూడా తీసేయాలి. వాయిడ్ మెయిన్ బదులు ఇంట్ మెయిన్ రాసి చివర రిటర్న్ 0 పెట్టాలి. స్క్వేర్‌రూట్ వాడినప్పుడు మ్యాథ్ హెడర్ పెట్టినా ‘అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్’ అంటుంది. కంపైల్ కమాండ్ చివర హైఫన్ పెట్టి ఎల్, ఎం అక్షరాలు చేర్చాలి. అంకె చదివాక అక్షరం చదివితే, మీరు కొట్టింది చదివే స్కాన్ఎఫ్ ఆగకుండా దాటిపోతుంది, కారణం మీరు కొట్టిన ఎంటర్ బఫర్‌లో మిగలడమే. పాత రికార్డులో దీనికి, ఆ బఫర్‌ను ఖాళీ చేయడానికని ఎఫ్‌ఫ్లష్ ఎస్‌టీడీఇన్ రాసి ఉంటుంది. లైనక్స్‌లో దాన్ని నమ్మడానికి లేదు, స్కాన్ఎఫ్‌లో అక్షరాన్ని సూచించే పర్సెంట్ సి ముందు ఒక ఖాళీ వదిలితే సరిపోతుంది. ఫారన్‌హీట్ లెక్కలో 5/9 రాస్తే రెండూ ఇంటిజర్లు కాబట్టి విలువ 0, ఎంత వేడి ఇచ్చినా జవాబు సున్నాయే. 5.0/9 అని రాయాలి. ఇక ఆన్‌లైన్‌లో టెస్ట్ కేసులతో దిద్దే ల్యాబుల్లో ‘ఎంటర్ ఎ నంబర్’ అని మర్యాదగా ప్రింట్ చేసినా కేసు ఫెయిలే. అక్షరం అక్షరం సరిపోలాలి.

కెమిస్ట్రీ కథ వీటికన్నా పాతది. బాయిలర్లో గార పట్టకూడదు, బొగ్గు ఎంత వేడినిస్తుందో తెలియాలి, ఇనుము తుప్పు పట్టకూడదు. పాత ఇంజనీరింగ్ కెమిస్ట్రీ పుస్తకం విషయసూచిక అదే. విశాఖలో ఆ సూచిక ఊరిలోనే కనిపిస్తుంది: 1941లో మొదలైన షిప్‌యార్డు, 1957 నుంచి నడుస్తున్న రిఫైనరీ, ఆపైన స్టీల్ ప్లాంటు. ఉప్పుగాలికి బాల్కనీ గ్రిల్ ఎలా పొట్టు రేగుతుందో ఇక్కడ పుట్టిన పిల్లలకు చెప్పక్కర్లేదు. ఆర్23లో ఈ పేపర్ చీలిపోయింది. నీళ్లు, తుప్పు, ఇంధనాలు సివిల్, మెకానికల్ వాళ్లకు మిగిలాయి. సీఎస్ఈ, ఈసీఈ, ఈఈఈ వాళ్లకు ష్రోడింగర్ సమీకరణం, సెమీకండక్టర్లు, లిథియం-అయాన్ బ్యాటరీలు, స్పెక్ట్రోస్కోపీ వచ్చాయి. ఇంటర్‌లో కెమిస్ట్రీని కంఠస్థం చేసి గట్టెక్కినవాళ్లకు ఈ రెండోది ఊపిరాడనివ్వదు.

నీటి కాఠిన్యత ప్రయోగంలో ఎవరూ సరిగ్గా చెప్పని సంగతులు కొన్ని ఉన్నాయి. కాఠిన్యత తెచ్చే కాల్షియం, మెగ్నీషియంలను పట్టుకునే డైసోడియం ఈడీటీఏ 3.72 గ్రాములు లీటరులో కరిగిస్తే 0.01 మోలార్. దీని 1 మిల్లీలీటరు 1 మిల్లీగ్రాము కాల్షియం కార్బొనేట్‌కు సమానం. బోరు నీళ్లు 20 మిల్లీలీటర్లు పిపెట్‌తో తీసి, పీహెచ్ 10 వచ్చేలా అమ్మోనియా బఫర్ కలిపి, ఎరియోక్రోమ్ బ్లాక్ టీ అనే రంగు ఇండికేటర్ చిటికెలో సగం వేస్తే ద్రాక్షసారా రంగు వస్తుంది. అది పూర్తిగా నీలం అయ్యేదాకా ఈడీటీఏ పోయాలి. 6.2 మిల్లీలీటర్లు పడితే 310 పీపీఎం (లీటరుకు మిల్లీగ్రాములు). తాగునీటికి బీఐఎస్ చెప్పిన ఆమోదయోగ్య హద్దు 200, వేరే దిక్కు లేకపోతే 600. బఫర్ మర్చిపోతే ఈడీటీఏ వదిలే హైడ్రోజన్ అయాన్ల వల్ల పీహెచ్ పడిపోయి రంగు ఊదా దగ్గరే నానుతుంది. ఇండికేటర్ ఎక్కువైతే ద్రావణం చిక్కగా నల్లబడి మార్పు కనబడదు. చివర్లో రంగు నెమ్మదిగా మారుతుంది. అక్కడ చుక్కకూ చుక్కకూ మధ్య ఆగి కలపకపోతే 0.2 మిల్లీలీటర్లు ఎక్కువ పడిపోతాయి, అంటే 10 పీపీఎం తేడా.

రెండు వర్గాల వాళ్లూ చేసే ప్రయోగం ఒకటుంది, బేకలైట్ తయారీ. 100 మిల్లీలీటర్ల బీకర్లో గ్లేషియల్ ఎసిటిక్ ఆమ్లం 5, ఫార్మలిన్ 2.5 మిల్లీలీటర్లు, ఫినాల్ 2 గ్రాములు. బీకరుకు గుడ్డ చుట్టి గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లం చుక్కలు చుక్కలుగా వేస్తూ గాజుకడ్డీతో కలపాలి. నాలుగైదు నిమిషాల్లో గులాబీ ముద్ద కడుతుంది. తొందరపడి ఆమ్లం ఒక్కసారే పోస్తే బీకరు చెయ్యి కాలేంత వేడెక్కి ముద్ద పైకి చిమ్ముతుంది. ఫినాల్ చర్మాన్ని కాలుస్తుంది, కాబట్టి గ్లౌజులు, కళ్లద్దాలు ఉండాల్సిందే. రికార్డులో ఈ పేజీ దిగుబడి బరువుతో ముగుస్తుంది. వేడి గురించి ఏమీ ఉండదు.

2020 మే 7 తెల్లవారుజామున విశాఖ శివారు ఆర్ఆర్ వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ నిల్వ ట్యాంకులోంచి, ప్లాస్టిక్‌కు ముడిసరుకైన స్టైరీన్ ఆవిరి ఊరి మీదికి వచ్చి 12 మంది ప్రాణాలు తీసింది. స్టైరీన్ అణువులు ఒకదానికొకటి అతుక్కుని పాలిమర్ గొలుసు కట్టే పద్ధతి బేకలైట్‌ది కాదు, ఇది అడిషన్, అది కండెన్సేషన్. కానీ గొలుసు కట్టేకొద్దీ వేడి పుడుతుంది, ఆ వేడి బయటికి పోకపోతే గొలుసు ఇంకా వేగంగా కడుతుంది. నిల్వ ట్యాంకులో ఇది మొదలు కాకుండా టీబీసీ అనే ఇన్‌హిబిటర్ (చర్యను అడ్డుకునే పదార్థం) కలుపుతారు. అది పనిచేయాలంటే ద్రవంలో కాస్త ఆక్సిజన్ కరిగి ఉండాలి, కాలం గడిచేకొద్దీ టీబీసీ ఖర్చయిపోతుంది, వేసవిలో ఇంకా త్వరగా. అందుకే ట్యాంకును చల్లగా ఉంచి, టీబీసీ మోతాదు కొలుస్తూ, తగ్గినప్పుడల్లా కలుపుతుండాలి. పాలిమర్ యూనిట్‌లో ఇనిషియేటర్‌తో గొలుసు ఎలా మొదలవుతుందో మూడు మెట్లలో రాస్తే మార్కులు పడతాయి. బేకలైట్ చేసే రోజు ఆమ్లం వేయకముందు ఒకసారి, ముద్ద కట్టాక ఒకసారి బీకరు బయటి గోడకు థర్మామీటర్ ఆనించి ఆ రెండు అంకెలనూ రికార్డులో రాయించడానికి ఏ కొత్త రెగ్యులేషనూ అక్కర్లేదు.