స్టార్టర్ బొత్తామూ, బోర్డు పిన్నూ

అనంతపురం

చిరంజీవులకు తాత ఆశీస్సులు.

దసరా సెలవుల్లో మీరు, ప్రోగ్రాము రాసి పనిచేయించుకునే చిన్న సర్క్యూట్ పలక అయిన ఆర్డుయినో బోర్డు పట్టుకొచ్చి, దీనితో మన బోరు మోటారు వేయవచ్చా అని అడిగినప్పుడు, పని తొందరలో కసిరి పంపేశాను. ముప్పై ఏళ్లు మోటార్లకు వైండింగ్ చేసినవాడు చెప్పవలసిన జవాబు అది కాదు గనుక ఇప్పుడు వివరంగా రాస్తున్నాను.

ఆర్డుయినో 2005లో ఇటలీలోని ఇవ్రియా పట్టణంలో, ఎలక్ట్రానిక్స్ చదవని విద్యార్థులు కూడా వాడుకోగలిగేలా తయారైంది. మీ దగ్గరున్న ఊనో రకం ఆర్డుయినో బోర్డు మీద, రెండు వైపులా కాళ్లున్న జెర్రిలాగా కనిపించే నల్లటి చిప్పు పేరు ఏటీమెగా 328పీ. ప్రోగ్రాము దాచుకోవడానికి దానిలో ఉన్న చోటు 32 కిలోబైట్లు మాత్రమే. మీ ఫోనులోని ఒక్క ఫొటో కూడా అందులో పట్టదు. అయినా మడిలో తేమ చూసి నీళ్లు పెట్టాలో వద్దో తేల్చడానికి అంతకంటే అక్కరలేదు.

ఇక అసలు సంగతి. మన మోటారు స్టార్టర్‌లో పచ్చ బొత్తాం నొక్కినప్పుడు మోటారుకు వెళ్లే కరెంటు ఆ బొత్తాం గుండా పోదు. కొద్దిపాటి కరెంటు లోపలి కాయిల్‌కు అందుతుంది, కాయిల్ ఇనుప ముక్కను లాగుతుంది, దానితో కాంటాక్టులు కలిసి మోటారుకు కరెంటు వెళుతుంది. బోర్డు అంచున తీగ గుచ్చే చోటును పిన్ను అంటారు, అది కూడా ఆ బొత్తాం లాంటిదే. ఒక్కో పిన్ను నుండి 20 మిల్లీయాంపులకు (మిల్లీయాంపు అంటే యాంపులో వెయ్యోవంతు) మించి తీసుకోకూడదు, 40 దాటితే చిప్పుకే ప్రమాదం.

అందుకే ఎర్ర ఎల్‌ఈడీ వెలిగించేటప్పుడు కూడా కరెంటును అదుపులో ఉంచే 220 ఓముల రెసిస్టర్ కలపాలి. 5 వోల్టులలో ఎల్‌ఈడీ సుమారు 2 వోల్టులు తీసుకుంటుంది, మిగిలిన 3 వోల్టులను 220తో భాగిస్తే 14 మిల్లీయాంపుల లోపే వస్తుంది. ఎల్‌ఈడీ పొడుగు కాలు పిన్ను వైపు, పొట్టి కాలు కరెంటు తిరిగి చేరే గ్రౌండు వైపు ఉండాలి. టంకం లేకుండా తీగలు గుచ్చే రంధ్రాల పలకైన బ్రెడ్‌బోర్డులో అడ్డంగా ఉన్న అయిదు రంధ్రాలూ లోపల ఒకే రేకుకు కలిసి ఉంటాయి కనుక, రెండు కాళ్లనూ ఆ అయిదింటిలోనే గుచ్చితే దీపం వెలగదు. ఈ ఒక్క విషయం తెలియక నేను ఒక సాయంత్రమంతా పోగొట్టుకున్నాను.

అంతకంటే సిగ్గుపడవలసిన పని మరొకటి చేశాను. స్టార్టర్‌లాగే కాయిల్‌తో కాంటాక్టులు కలిపే చిన్న స్విచ్చు, అంటే 5 వోల్టుల రిలేను నేరుగా 7వ పిన్నుకు కలిపాను. దాని కాయిల్ రెసిస్టెన్సు 70 ఓములు, అంటే 70 మిల్లీయాంపులకు పైగా లాగుతుంది. పైగా కరెంటు ఆపిన క్షణంలో కాయిల్ ఎదురు వోల్టేజీని తన్నుతుందని, జీవితమంతా కాయిళ్లు చుట్టిన నాకు తెలియనిది కాదు. నాలుగైదు సార్లు టిక్కుమన్న తరువాత ఆ పిన్ను చచ్చిపోయింది; మిగిలినవి ఇప్పటికీ పనిచేస్తున్నాయి. పిన్ను ఇచ్చే కొద్దిపాటి కరెంటుతో కాయిల్‌ను నడిపే ట్రాన్సిస్టరూ, ఎదురు వోల్టేజీని మింగే డయోడూ ముందే అమర్చిన రిలే మాడ్యూల్ దొరుకుతుంది, దాన్నే కొనండి. మొదట దానితో బ్యాటరీ బల్బు వెలిగించండి. బోరు మోటారుది 415 వోల్టుల త్రీఫేజు. నేను పక్కన లేకుండా స్టార్టర్ పెట్టె మూత తీయకూడదు.

తేమ చూడటానికి మీరు తెచ్చిన రెండు కాళ్ల సెన్సారుకు ఎప్పుడూ కరెంటు ఇచ్చి ఉంచకండి. తడి మట్టిలో కరెంటు పారుతూ ఉంటే దాని పూత కరిగిపోతుంది. నేను శనక్కాయల మడిలో వదిలేసిన సెన్సారు కాలు కొద్ది రోజులకే పచ్చగా చిలుము పట్టింది. బోర్డు సెన్సారును చదివే ముందు మాత్రమే కరెంటు ఇచ్చి, చదవగానే ఆపేలా ప్రోగ్రాము రాయండి. బోర్డు ఇచ్చే అంకె 0 నుండి 1023 వరకు ఉంటుంది, కానీ ఎంత ఉంటే తడి, ఎంత ఉంటే పొడి అన్నది మన ఎర్రమట్టిలోనే పరీక్షించి తెలుసుకోవాలి. ఒక డబ్బాలో ఎండిన మట్టి పోసి, గ్లాసు చొప్పున నీళ్లు కలుపుతూ ప్రతిసారీ ఆ అంకెను నోటుపుస్తకంలో రాయండి.

సంక్రాంతికి వచ్చేటప్పుడు ఆ పుస్తకం తీసుకురండి. ఫోను చార్జరు తీగ మీ ఊనోకు పట్టదు, ప్రింటరుకు వాడే చదరపు మూతి తీగ కావాలి. పోయినసారి దాన్ని మరిచిపోయే వచ్చారు.

ఇట్లు,
మీ తాత