మిద్దె మీద మోయినా తొట్టి

ఫైటర్ చేప చేత గుడ్లు పెట్టించడం అంత కష్టమేం కాదు. మగచేప నురగతో గూడు కట్టుకుంటుంది, రాలిన గుడ్లను నోటితో అందుకుని మళ్లీ గూట్లో పెడుతుంది, ఒకటి రెండు రోజుల్లో పిల్లలు బయటపడతాయి. అసలు తంటా ఆ తర్వాతే. కడుపు కింద ఉన్న సొన రెండు మూడు రోజుల్లో కరిగిపోయి, పిల్లలు అడ్డంగా ఈదడం మొదలుపెట్టిన రోజు నుంచి వాటికి ఆకలి. నోరు చూస్తే సూదిమొనంత. మొదటిసారి నేను ఉడికిన కోడిగుడ్డు పచ్చసొనను గుడ్డలో పిండి పోశాను. పిల్లలు దాని పక్కనుంచే తిరిగాయి గానీ ముట్టలేదు. మర్నాటికి సొన కుళ్లి నీళ్లు కంపు కొట్టాయి. వందకు పైగా ఉన్న పిల్లల్లో మిగిలినవి 6.

తిండి ముందే ఉన్నా అది కదలలేదు, అంతే. కొత్తగా ఈతకొచ్చిన పిల్ల తన ముందు కదిలే చుక్కను రెండు కళ్లతో గురిచూసి, ఒళ్లు కొడవలిలా వంచి, ఒక్కసారిగా దూకుతుంది. నిలకడగా ఉన్న పొడి దాని లెక్కలో చెత్త. అందుకే బతికున్న తిండి కావాలి, అదీ నోట్లో పట్టేది.

మొదటి నాలుగు రోజులకు వరిగడ్డి నీళ్లు చాలు. గుప్పెడు ఎండు గడ్డిని సీసాలో వేసి, చెరువు నీళ్లు కాసిని కలిపి పెడితే ముందు బాక్టీరియా పెరిగి నీళ్లు మసకబారతాయి, వాసనొస్తుంది. తర్వాత ఆ బాక్టీరియాను తింటూ పారమీషియంలాంటి ఏకకణ జీవులు పెరిగి, నీళ్లు మళ్లీ తేరుకుంటాయి. సీసాను వెలుతురుకి ఎదురుగా పట్టుకుంటే తెల్లటి నలుసుల్లా కదులుతుంటాయి. తేరుకున్నాకే చుక్కలు చుక్కలుగా పోయాలి, మసకగా ఉన్నప్పుడు కాదు.

ఆ తర్వాత చాలామంది ఆర్టీమియాకి, అంటే ఉప్పునీళ్లలో బతికే రొయ్యలాంటి చిన్న జీవికి పోతారు. లీటరు నీళ్లకి 25 గ్రాముల ఉప్పు, గాలి గొట్టం, 28 డిగ్రీల వేడి ఉంటే దాని ఎండు గుడ్లు ఒక్క రోజులో పగులుతాయి. మంచి తిండే, కాదనను. కానీ డబ్బా ఖరీదు చూస్తే గుండె ఆగుతుంది. పైగా మంచినీళ్ల తొట్టిలో అవి కొన్ని గంటలకే చచ్చి అడుగున పడతాయి.

నా ఓటు మోయినాకి. నీటి ఈగ అనే డాఫ్నియాకి చెల్లెలు లాంటిది, పెద్దదైనా మిల్లీమీటరు దగ్గరే ఆగుతుంది. పుస్తకాల్లో ఎక్కువగా కనిపించే పెద్ద డాఫ్నియా చలిదేశాల పురుగు, 20 డిగ్రీల దగ్గర హాయిగా ఉంటుంది. తిరుపతిలో ఏప్రిల్ వచ్చిందంటే మిద్దె మీద బకెట్ నీళ్లు చెయ్యి పెట్టలేనంత కాగుతాయి. మోయినాకి 24 నుంచి 31 డిగ్రీల దాకా పండగే. తొట్టిని మెట్ల నీడకు జరిపితే ఎండాకాలాన్నీ చాలావరకు గట్టెక్కుతుంది.

ఫోన్ కెమెరా ముందు చిన్న భూతద్దం పెట్టి చూడండి. ఒళ్లు గాజులా ఉంటుంది. కంటికి ఆనని నాచుతో నిండిన పచ్చనీళ్లు తాగిన పేగు ఆకుపచ్చ దారంలా, వీపు దగ్గర గుండె టకటకా కొట్టుకుంటూ, దాని వెనక సంచిలో పిల్లలు. తొట్టి బాగున్నంత కాలం ఇవన్నీ ఆడవే. మగతోడు లేకుండానే కంటాయి. పుట్టిన పిల్ల నాలుగైదు రోజుల్లో తల్లవుతుంది, కాన్పుకి 4 నుంచి 20 దాకా, రెండు రోజులకో కాన్పు. రోజూ నాలుగోవంతు వడగట్టి చేపలకు వేసినా తొట్టి తగ్గదు. అసలు తీయకపోతేనే ముప్పు, కిక్కిరిసి ఒక్కసారిగా కూలిపోతాయి.

మేత పచ్చనీళ్లు. చేపల తొట్టిలోంచి తీసిన పాతనీళ్లను ఎండలో పెడితే వారంలో పచ్చబడతాయి. అది చాలనప్పుడు ఈస్ట్ వేస్తాం. 50 లీటర్ల తొట్టికి పావు చెంచా కూడా ఎక్కువే. నేను ఓ రాత్రి ఆశకొద్దీ రెండు చెంచాలు వేశాను. తెల్లారేసరికి నీళ్లు మజ్జిగలా ఉన్నాయి, మోయినా అంతా పైకి తేలి ఇటుకరంగుకి తిరిగింది. ఈస్ట్, బాక్టీరియా కలిసి నీళ్లలోని ఆక్సిజన్ లాగేస్తే ఇవి ఒంట్లో హీమోగ్లోబిన్ పెంచుకుంటాయి. అదే ఆ ఎరుపు. మధ్యాహ్నానికి ఒక్కటీ మిగల్లేదు. అప్పట్నుంచీ నా కొలత ఒకటే: మోచేతి దాకా చెయ్యి ముంచితే వేళ్లు లీలగా కనబడాలి.

మా అమ్మ దృష్టిలో ఇదంతా ఒకే పని. "ఏంరా, మిద్దె మీద దోమల్ని పెంచతా ఉండావా?" అని అడిగింది. తప్పుపట్టలేం. డెంగీ తెచ్చే ఈడిస్ దోమకి ఇలాంటి నిలవనీళ్లే ఇష్టం, గుడ్డు నుంచి రెక్కలొచ్చేదాకా వారం పది రోజులే. కాబట్టి తొట్టి మీద సన్నటి దోమతెర బిగించి కట్టాలి, సందు ఉండకూడదు. దోమ పిల్లలూ చేపలకు బలమైన తిండే. అయినా ఊళ్లో వాటిని పెంచమని ఎవరికీ చెప్పను.

కాలువల్లోంచి తెచ్చి అమ్మే ట్యూబిఫెక్స్ అనే సన్నటి ఎర్రపురుగుల సంగతీ అంతే. మురుగులో పెరిగిన పురుగుతో రోగం కూడా తొట్టిలోకి దిగుతుంది.

తొట్టి కూలిపోతే ఏం చేయాలి? మోయినా దానికీ దారి చూసుకునే ఉంటుంది. తిండి తగ్గి, కిక్కిరిసినప్పుడు అప్పటిదాకా లేని మగవి పుడతాయి. వాటితో కలిసిన ఆడవి గట్టి పెంకులో గుడ్లు పెడతాయి. తొట్టి ఎండినా అవి చావవు. రాయలసీమ చెరువుల్లో ఎండాకాలం నెర్రెలిచ్చిన బంకమట్టిలోనూ ఇలాంటి గుడ్లే దాగి వానకోసం ఎదురుచూస్తుంటాయి. ఈస్ట్ పోసి చంపుకున్న ఆ తొట్టి అడుగు బురదను నేను పారేయలేదు. ఆరబెట్టి, పేపర్లో పొట్లం కట్టి అటక మీద పెట్టాను. ఐప్పసి (అక్టోబరు-నవంబరు) వానలు పడ్డాక ఒకరోజు బకెట్లో వాననీళ్లు పట్టి, పొట్లం విప్పి కలిపి, మెట్ల దగ్గర వెలుతురులో పెట్టాను. ఆరో రోజు పొద్దున్న నీళ్లలో నాలుగు చుక్కలు ఎగిరెగిరి పడుతున్నాయి.