మాయ పడేదాకా ఆగకండి: చలికాలం పశువుల అపోహలు - వాస్తవాలు

చలి ముదిరిందంటే తెల్లారకముందే నా ఫోన్ మోగుతుంది. "సార్, రాత్రి బర్రె ఈనింది. దుడ్డె లేస్తలేదు." పాలు పట్టిండ్రా అంటే ఎప్పుడూ ఒకటే జవాబు. "మాయ ఇంక పడలే గద సార్!" మాయ అంటే ఈనిన తర్వాత గర్భసంచి నుంచి జారిపడే పొర.

అపోహ: మాయ పడకముందు ముర్రుపాలు (ఈనగానే వచ్చే తొలిపాలు) తాగిస్తే మాయ లోపలే ఆగిపోతుంది.

వాస్తవం: అసలు సంగతి దీనికి తలకిందులు. దూడ చన్ను చీకితేనే తల్లి ఒంట్లో ఆక్సిటోసిన్ అనే హార్మోను ఊరి గర్భసంచి ముడుచుకుంటుంది. మాయ జారడానికి అదే సాయం. మాయ పడటానికి మామూలుగానే 8 నుంచి 12 గంటలు పట్టొచ్చు. అందాకా పసిదానికి ఉపాసమా? దూడకు తల్లి కడుపులో ఉన్నప్పుడు రోగనిరోధక శక్తి అందదు, ముర్రుపాలతోనే రావాలి. దాన్ని పీల్చుకునే గుణం పేగులకు గంటగంటకూ తగ్గి, ఒక రోజు తిరిగేసరికి పోతుంది. 30 కిలోల దుడ్డెకు మొదటి రోజు 3 లీటర్లు కావాలి, తొలి విడత గంటలోపే పడాలి. ఈ చలిలో ఒంట్లో వేడి పుట్టాలన్నా ఆ పాలే దిక్కు.

మొన్న దేవరకొండ వైపు ఒక ఊరికి పోయాను. దుడ్డె తడి నేల మీదనే పడి ఉంది. నోట్లో వేలు పెడితే చల్లగా తగిలింది, చీకలేదు. రాత్రి పదకొండుకు ఈనితే మాయ తెల్లారి పడిందట. అప్పుడు పిండిన తొలిపాలు పొయ్యి మీద జున్నవుతున్నాయి, కొట్టం దాకా యాలకుల వాసన! కోపం వచ్చింది గానీ ఆ ఇంటి పెద్దమ్మ ఏడుపు చూసి నోరు మూసుకున్నా. గోనెసంచితో ఒళ్లంతా రుద్ది, నోరు వెచ్చబడ్డాక మళ్లీ పిండిన పాలు కొంచెం కొంచెంగా పట్టించాను. అది బతికింది.

నా చిన్నప్పుడు మా ఇంట్లో దుడ్డె బతకలేదు. మాయను కుక్కలు తినకుండా మా నాయిన లాంతరు పెట్టుకుని రాత్రంతా కాపలా ఉన్నడు. పక్కనే దుడ్డె వణుకుతుంటే గోనె కప్పిండు గానీ పాలు మాత్రం ముట్టనీయలే. ఎవరిని తిట్టాలి? ఆయనకూ అట్లనే చెప్పిండ్రు.

మాయకు రాయో చెప్పో కట్టి వేలాడదీయడం కూడా మానండి. చేత్తో లాగినా గర్భసంచి చీముపట్టి మళ్లీ చూడి కట్టకపోవచ్చు.

మిగతావి గబగబా చెప్తా. కొట్టం చుట్టూ పట్టాలు బిగిస్తే వెచ్చగా ఉంటుందంటారు. మూత్రం ఘాటు లోపలే నిలిచి దూడలకు నిమ్ము చేస్తుంది. గాలి తగిలే దిక్కు కట్టి, పైన సందు వదలండి. కింద ఎండుగడ్డి పరవండి. చలికి సారా, నూనె తాగబోయడం అసలే వద్దు, అవి ఊపిరితిత్తుల్లోకి పోతే మేమూ ఏం చేయలేం. చలికి బర్రె ఎదకు రాదన్నది ఉత్త మాట, బర్రెలు ఎక్కువగా ఎదకొచ్చేదే ఈ కాలంలో. గాలికుంటు (నోటికి, గిట్టలకు పుండ్లు పడే రోగం) టీకాతో రెండు మూడు రోజులు పాలు కొంచెం తగ్గొచ్చు, మళ్లీ వస్తాయి.

12 గంటలు దాటినా మాయ పడకపోతే పశువుల అంబులెన్సు నంబరు 1962కి గానీ దగ్గరి పశువుల దవాఖానకు గానీ ఫోన్ చేయండి. బర్రె ఎన్ని గంటలకు ఈనిందో కొట్టం గోడ మీద బొగ్గుతో రాసి పెట్టుకోండి, నేను మొదట అడిగేది అదే.