మందు తాగి బండి నడపడం: చట్టంలో ఆ అంకె ఎలా వచ్చింది?

"ఒక్క పెగ్గు వేస్తే మిషన్‌లో చూపిస్తుందా?", "రెండు బీర్లు తాగి గంట ఆగితే చాలా?" బండి నడిపేవాళ్లు తరచూ అడిగే ప్రశ్నలివి. రక్తంలో ఆల్కహాల్ ఇంతకు మించకూడదని చట్టం చెప్పిన అంకె దాటకపోతే భయం లేదన్న నమ్మకంతోనే ఇలా అడుగుతారు. ఆ అంకె పుట్టిన తీరు తెలిస్తే ఆ నమ్మకం నిలవదు. కోర్టులో కేసు నిలబడటానికి గీసిన గీత అది. దానికి ఇవతల ఉంటే క్షేమమని గీసినవాళ్లు కూడా అనలేదు.

అంకె లేని రోజులు చాలా కాలమే నడిచాయి. గుర్రబ్బండి గానీ పశువులను గానీ తాగి తోలడం నేరమని బ్రిటన్ 1872లోనే చట్టం చేసింది. 1897 సెప్టెంబరులో లండన్‌లో జార్జ్ స్మిత్ అనే టాక్సీ డ్రైవర్ బండిని తీసుకెళ్లి ఒక భవనానికి గుద్దాడు. మోటారు బండి తాగి నడిపినందుకు శిక్ష పడిన మొదటి మనిషిగా ఆయన పేరే చెబుతారు. ఆయన నేరం ఒప్పుకున్నాడు కాబట్టి కేసు తేలికగా తేలిపోయింది. ఒప్పుకోనివాళ్లతోనే వచ్చింది చిక్కంతా. పోలీసు వాసన చూడాలి, గీత మీద నడిపించి చూడాలి, మాట తడబడుతోందో లేదో వినాలి. యాక్సిడెంట్ షాక్‌తో తూలానని ఒకడంటాడు. రోజూ తాగే అలవాటున్నవాడు అసలు తూలడు. చివరికి ఒకరి మాట మీద ఇంకొకరి మాట.

ఈ చిక్కు విప్పినవాడు స్వీడన్ శాస్త్రవేత్త ఎరిక్ విడ్‌మార్క్. వేలి కొన నుంచి తీసిన కొన్ని చుక్కల రక్తంతోనే ఆల్కహాల్ లెక్కగట్టే పద్ధతిని 1922లో ప్రచురించాడు. తాగిన మోతాదు, మనిషి బరువు, గడిచిన సమయం తెలిస్తే రక్తంలో ఎంత మిగిలిందో అంచనా వేసే సూత్రం కూడా ఆయనదే. అది నేటికీ వాడుకలో ఉంది.

కొలత దొరికింది, మరి గీత ఎక్కడ గీయాలి? 100 మిల్లీలీటర్ల రక్తంలో 50 మిల్లీగ్రాముల ఆల్కహాల్ దాటితే చాలు, తూలినా తూలకపోయినా నేరమేనని నార్వే 1936లో చట్టం తెచ్చింది. అలాంటి చట్టాల్లో అదే మొదటిది. మూడేళ్లకు అమెరికాలోని ఇండియానా రాష్ట్రం పెట్టుకున్న అంకె 150. మనుషుల ఒంట్లో మందు పనిచేసే తీరు రెండు చోట్లా ఒకటే, అంకెలో మాత్రం మూడింతల తేడా. ఎంత తాగినవాడిని జూరీ ఎదుట అనుమానం లేకుండా తాగినవాడని చూపించగలం అన్నదే అమెరికన్ల లెక్క. నార్వే చూసినంత ముందుగా వాళ్లు చూడలేదని నా అభిప్రాయం.

రోడ్డు మీద ఆపిన ప్రతి ఒక్కరి రక్తం తీయడం కుదరదు కాబట్టి దృష్టి ఊపిరి మీదికి మళ్లింది. ఇండియానాలోనే రోలా హార్గర్ 1931లో బెలూన్‌లోకి ఊదించి, ఆ గాలిని ఊదారంగు రసాయనంలోకి పంపి పరీక్షించే పరికరం చేశాడు. పోలీసు శాఖలో పనిచేసిన రాబర్ట్ బోర్కెన్‌స్టైన్ 1954లో బ్రెత్ ఎనలైజర్ తయారుచేశాడు. అందులో చిన్న గాజు గొట్టం, దానిలో పసుపు రంగు ద్రవం. ఊపిరిలో ఆల్కహాల్ ఉంటే ఆ పసుపు వెలిసిపోతుంది. ఎంత వెలిసిందో కాంతితో కొలిచి, 2,100 పాళ్ల ఊపిరిలో ఉండే ఆల్కహాల్ ఒక పాలు రక్తంలో ఉన్నంతకు సమానమన్న లెక్కన రక్తంలోని మోతాదు చెప్పేవారు. ఈ నిష్పత్తి ఒక సగటు. మనిషిని బట్టి కొంచెం అటూ ఇటూ అవుతుంది, అందుకే మిషన్ రీడింగ్ మీద కోర్టుల్లో అంత వాదన.

బోర్కెన్‌స్టైన్ అక్కడితో ఆగలేదు. 1960ల మొదట్లో మిషిగన్‌లోని గ్రాండ్ రాపిడ్స్ పట్టణంలో ప్రమాదాలు చేసిన దాదాపు 6,000 మంది డ్రైవర్లను, అవే రోడ్లమీద ప్రమాదం లేకుండా వెళ్తున్న వేలమందిని పోల్చి చూశారు. 80 దగ్గరికి వచ్చేసరికి ముప్పు స్పష్టంగా పెరిగింది, 150 దగ్గర ఎన్నో రెట్లయింది. కొద్దిగా తాగినవాళ్లకు ముప్పు తగ్గినట్టు కూడా ఆ గ్రాఫులో కనిపించింది. తాగే అలవాటును బట్టి డ్రైవర్లను విడదీసి చూస్తే అది పోయింది. అయినా "కొంచెం తాగితే ఇంకా జాగ్రత్తగా నడుపుతాం" అనే మాట పోలేదు, ఎన్నో ప్రాణాలు తీసిన మాట అది.

బ్రిటన్ 1967లో 80 పరిమితి పెట్టింది. రవాణా మంత్రి బార్బరా కాసిల్‌కు అసలు డ్రైవింగ్ రాదు, అదీ పట్టుకుని ఎగతాళి చేశారు. ఆమె వెనక్కి తగ్గలేదు. ఆ ఏడాది అక్టోబరు నుంచి పోలీసులు గొట్టం తగిలించిన సంచీలోకి ఊదించడం మొదలుపెట్టారు. గొట్టంలోని స్ఫటికాలు ఆకుపచ్చగా మారుతూ గీత దాటాయా, స్టేషన్‌కు వెళ్లాల్సిందే.

తర్వాత చాలాచోట్ల అంకె కిందికే దిగింది. స్వీడన్ 1990లో, నార్వే 2001లో 20కి తెచ్చాయి. స్కాట్లండ్ 2014లో 80 నుంచి 50కి వచ్చింది. భారత్‌లో అది 30.

ఇక గంట ఆగితే చాలా అన్న ప్రశ్న. 100 మిల్లీలీటర్ల రక్తంలో ఆల్కహాల్ సగటున గంటకు 15 మిల్లీగ్రాముల చొప్పున తగ్గుతుంది. కాఫీ తాగినా, చన్నీళ్ల స్నానం చేసినా ఆ వేగం పెరగదు. అర్ధరాత్రి 150 దగ్గర ఉన్నవాడు నిద్రపోయి, తల తేలికపడిందనుకుని ఉదయం 7 గంటలకు తాళం తిప్పితే, అప్పటికి రక్తంలో ఇంకా 45 ఉంటుంది. సున్నాకు రావాలంటే 10 గంటలు దాటాలి.