చీకటి వేదికపై నృత్యాన్ని స్పష్టంగా తీయడం: అపోహలు – వాస్తవాలు

హనుమకొండలో 2024లో ప్రారంభమైన కాళోజీ కళాక్షేత్రం వంటి పెద్ద ప్రాంగణంలో తీసినా, ఊళ్లోని ఫంక్షన్ హాలులో తీసినా, కొత్తగా కెమెరా పట్టిన తమ్ముళ్లు నన్ను అడిగే ప్రశ్న ఒక్కటే: "అన్నా, ఫొటో షేక్ ఎందుకొస్తుంది?"

అపోహ: ట్రైపాడ్ ఉంటే షేక్ (ఫొటో చెదరడం) రాదు.

వాస్తవం: ట్రైపాడ్ గానీ, లెన్స్‌లోని స్టెబిలైజేషన్ గానీ మన చేతి వణుకును ఆపుతాయే తప్ప నర్తకుడి కదలికను ఆపలేవు. తొలిసారి పేరిణి నృత్య ప్రదర్శన తీసినప్పుడు నేను ట్రైపాడ్‌ను నమ్ముకొని షట్టర్‌ను (సెన్సర్ మీద వెలుతురు పడే సమయాన్ని) 1/60 సెకను వద్ద ఉంచాను. వేదిక పక్కనున్న నటరాజ విగ్రహానికి వేసిన బంతిపూల దండ రేకు రేకుగా వచ్చింది కానీ, గజ్జెలు కట్టిన కాళ్లు పొగలా మిగిలాయి. నృత్యానికి కనీసం 1/250, గెంతులకు 1/500 అవసరమని ఆ రోజే అర్థమైంది. అంత వేగానికి చాలినంత వెలుతురు లేనప్పుడు చెవిని తాళానికి అప్పగించాలి. ఎంత వేగంగా సాగే నృత్యంలోనైనా జతి (తాళానికి పలికే సొల్లుల వరుస) ముగిసి మృదంగం మీద ముక్తాయింపు పడగానే నర్తకులు భంగిమలో నిలుస్తారు. గెంతు పైకి వెళ్లి కిందికి మళ్లే చోట కూడా దేహం లిప్తపాటు ఆగినట్లే ఉంటుంది. ఆ క్షణాల్లో 1/125 కూడా చాలాసార్లు సరిపోతుంది. అందుకే ప్రదర్శనకు ముందు జరిగే రిహార్సల్‌ను నేను కెమెరా లేకుండా కూర్చొని వింటాను.

అపోహ: ఐఎస్ఓ (ఫొటో ఎంత వెలుగ్గా రావాలో పెంచే, తగ్గించే అమరిక) 1600 దాటితే ఫొటో పాడవుతుంది.

వాస్తవం: గ్రెయిన్స్‌కు (ఫొటోను పాడుచేసే సన్నని చుక్కలకు) అసలు కారణం సెన్సర్‌కు చేరే వెలుతురు చాలకపోవడమే. ఐఎస్ఓ తగ్గించి చీకటిగా తీసి, తర్వాత కంప్యూటర్‌లో వెలుతురు పెంచితే గ్రెయిన్స్ తగ్గవు, చాలా కెమెరాల్లో మరింత పెరుగుతాయి. 3200కైనా 6400కైనా వెనుకాడకుండా రా ఫైల్‌లో (సెన్సర్ పట్టిన సమాచారాన్ని ఉన్నదున్నట్లు దాచే ఫైల్‌లో) తీయండి. గ్రెయిన్స్‌ను తర్వాత తగ్గించుకోవచ్చు, చెదిరిపోయిన ముఖాన్ని మాత్రం ఉన్నదున్నట్లుగా తిరిగి తెచ్చుకోలేము.

అపోహ: ఎపర్చర్ (లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రం) పూర్తిగా తెరిస్తే సమస్య తీరినట్లే.

వాస్తవం: ఎఫ్ పక్కనున్న అంకె చిన్నదైతే రంధ్రం పెద్దదని అర్థం. ఫుల్‌ఫ్రేమ్ (పెద్ద సెన్సర్ ఉన్న) కెమెరాకు 85 మి.మీ. లెన్స్ తగిలించి, ఎఫ్/1.8 వద్ద 8 మీటర్ల దూరం నుంచి తీస్తే స్పష్టంగా వచ్చే లోతు సుమారు ఒక మీటరు మాత్రమే. ఒక్కరే ఆడుతుంటే అది చాలు. బృంద నృత్యంలో వెనుక వరుస మసకబారుతుంది కనుక ఎఫ్/4 మేలు.

అపోహ: ఫ్లాష్ వేస్తే సరిపోతుంది.

వాస్తవం: దూరం రెట్టింపైతే ఫ్లాష్ వెలుతురు నాలుగో వంతుకు పడిపోతుంది. వెనుక వరుసల నుంచి వేస్తే మన ముందు కూర్చున్నవారి తలలే వెలుగుతాయి, దగ్గర నుంచి వేస్తే నర్తకి కళ్లు చెదురుతాయి. దయచేసి వాడకండి.

అపోహ: కెమెరాను ఆటోలో పెడితే అదే చూసుకుంటుంది.

వాస్తవం: వెనుక నల్లటి తెర ఉన్నప్పుడు కెమెరా దృశ్యమంతా చీకటేనని భావించి షట్టర్‌ను నెమ్మదింపజేస్తుంది, దాంతో ముఖం తెల్లగా పాలిపోతుంది, షేక్ కూడా వస్తుంది. మాన్యువల్‌లో ముందుగా షట్టర్‌ను స్థిరపరచి, స్పాట్ మీటరింగ్‌తో (ఒక్క చోటి వెలుతురునే కొలిచే పద్ధతితో) నర్తకి చెంప మీద పడే వెలుతురును కొలిచి, ఆ తర్వాతే ఐఎస్ఓను నిర్ణయించండి. ఎల్ఈడీ లైట్ల కింద సైలెంట్ షట్టర్ వాడితే ఫొటోలో అడ్డచారలు పడే అవకాశం ఉంది కాబట్టి, శబ్దం వచ్చినా మెకానికల్ షట్టర్‌నే వాడండి.